బెంగళూరు నుంచి మైసూరు ఒక్క రోజులో: ప్యాలెస్‌లు, గైడు, బండి ఎలా కుదుర్చుకోవాలి?

వైట్‌ఫీల్డ్ వాసి:

నమస్కారం అండి. వచ్చే నెల గుంటూరు నుంచి అమ్మానాన్న, అత్తయ్య, మావయ్య వస్తున్నారు. మేమిద్దరం, ఆరేళ్ళ పాపతో కలిపి ఏడుగురం. ఒక ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి మైసూరు ప్యాలెస్‌లు చూపించి రాత్రికి ఇల్లు చేరాలి. అక్కడ రాత్రి ఉండటం కుదరదు.

ప్యాకేజీ బస్సుల పట్టిక చూశాను. శ్రీరంగపట్నం, చాముండి కొండ, ప్యాలెస్, జగన్మోహన్ ప్యాలెస్, జూ, సెయింట్ ఫిలోమినా చర్చి, బృందావన్ గార్డెన్స్, ఇవన్నీ ఒక్క రోజులో అంటున్నారు. అది నిజంగా అయ్యే పనేనా? నాన్నకి మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. మావయ్యకి చరిత్ర అంటే ప్రాణం, గైడు తప్పకుండా ఉండాలంటున్నారు. అమ్మకి చాముండేశ్వరి దర్శనం కావాలి, పాపకి దీపాలు చూడాలని ఉంది. తెలుగులో చెప్పే గైడు దొరుకుతారా? బస్సు మేలా, సొంతంగా బండి మాట్లాడుకోవడం మేలా? వరస ఎలా పెట్టుకోవాలో తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

దొడ్డకెరె:

సాయంత్రం 7 గంటలకి మీరు ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకోండి. మైసూరులో మిగతా రోజంతా దాన్ని బట్టే కుదురుతుంది.

ప్యాలెస్‌కి దీపాలు వేసేది ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజుల్లో, రాత్రి 7 నుంచి ముప్పావు గంటసేపు. బృందావన్‌లో సంగీత ఫౌంటెన్ ఆడేది కూడా చీకటి పడ్డాకే. రెండింటికీ మధ్య సుమారు 20 కిలోమీటర్ల దూరం, పైగా ఆదివారం సాయంత్రం బృందావన్‌కి వెళ్ళే కేఆర్‌ఎస్ రోడ్డు నిండా బళ్ళే. కాబట్టి ఏదో ఒకటే. ప్యాకేజీ బస్సు బృందావన్ దగ్గర దింపిందంటే మీ పాపకి ప్యాలెస్ దీపాలు లేనట్టే. బస్సు ఎక్కేముందు ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, అది మీకు పనికొస్తుందో లేదో తేలిపోతుంది.

ఏడు చోట్లు అయ్యే పని కాదు. అయినా చేస్తారు, ఎలాగంటే ప్యాలెస్‌కి గంట, కొండకి ముప్పావు గంట, మిగతావి కిటికీలోంచి. పట్టికలో కనబడదు గాని, మధ్యలో పట్టుచీరలు, గంధపు సామాన్లు అమ్మే షాపు దగ్గర ఒక ఆపు కూడా ఉంటుంది, అక్కడ అరగంట నుంచి ముప్పావు గంట పోతుంది.

మీకైతే ఇలా పెట్టుకోండి. ఉదయం 9:30 కల్లా మైసూరు, 10కి ప్యాలెస్ తలుపులు తెరిచేసరికి టికెట్ చేతిలో ఉండాలి. 12:45 దాకా లోపలే. తరవాత భోజనం, కాసేపు కూర్చోవడం. 2 నుంచి 3:15 దాకా జగన్మోహన్ ప్యాలెస్. అక్కడ్నుంచి లలిత మహల్ మీదుగా చాముండి కొండ. దిగేటప్పుడు నంది. 6:30కి తిరిగి ప్యాలెస్ ఆవరణలో. 7:45కి బండి ఎక్కాలి.

జూ వదిలేయండి. చక్కటి జూ, 1892 నాటిది, కాని సగం పూట నడక. మీ నాన్నగారికి గాని ఆ తరవాత ఇంకేదైనా చూడాలనుకునే వాళ్ళకి గాని అది గిట్టదు. చర్చిని దారిలో బయటి నుంచి చూస్తే సరిపోతుంది.

లలిత మహల్ గురించి ఒక్క మాట. 1921లో వైస్రాయ్ బస కోసం కట్టించిన తెల్లటి ప్యాలెస్, 1974 నుంచి హోటల్. గోపురాన్ని లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్ పోలికలో కట్టారు. బయట రోడ్డు మీంచి చూసినా దాని వైభవం తెలుస్తుంది. లోపలికి వెళ్ళాలంటే హోటల్ అతిథుల నియమాలు వర్తిస్తాయి, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

రహదారి:

బండి సంగతి నేను చెబుతాను.

ఏడుగురికి ఇన్నోవా సరిపోతుందని ఏజెంట్లు చెబుతారు. లెక్కకి సరిపోతుంది, కాని చివరి వరసలో మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. మీ నలుగురు పెద్దవాళ్ళలో ఇద్దరిని రానూపోనూ ఏడు గంటలు ఆ సీట్లో కూర్చోబెట్టొద్దు. 12 సీట్ల టెంపో ట్రావెలర్ తీసుకోండి. దానికి మెట్టు ఎత్తు ఎక్కువ, కాబట్టి ఒక చిన్న ప్లాస్టిక్ పీట బండిలో పడేసుకోండి. నాన్నగారిని డ్రైవర్ వెనకాల ఉన్న ఒంటి సీట్లో కూర్చోబెడితే కాళ్ళు చాపుకోవచ్చు.

వైట్‌ఫీల్డ్ అంటే ఊరికి ఆ కొస, మైసూరు రోడ్డు ఈ కొస. సర్జాపుర రోడ్డు వైపు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ చేరి, అక్కడ ఊరి బయటి నుంచి పోయే నైస్ టోల్ రోడ్డు ఎక్కి మైసూరు రోడ్డులో దిగండి. సిల్క్ బోర్డు మీదుగా ఊళ్ళోంచి వెళ్ళాలనుకుంటే తెల్లవారుజామున పర్లేదు గాని తిరుగు ప్రయాణంలో చుక్కలు కనిపిస్తాయి. ఇంటి నుంచి మైసూరు దాకా దాదాపు 170 కిలోమీటర్లు. రానూపోనూ, ఊళ్ళో తిరుగుడు, కొండతో కలిపి 380 వేసుకోండి.

కొత్త ఎక్స్‌ప్రెస్ హైవే మీద గంటన్నరలో మైసూరు అని అందరూ అంటారు. 2023 మార్చిలో ప్రారంభమైనప్పటి నుంచి ఆ మాట ఊరంతా తిరుగుతోంది. ఆ గంటన్నర ఊరు దాటాక మొదలయ్యే లెక్క. పైగా కార్ల హద్దు 100 అయినా టెంపో ట్రావెలర్‌కి స్పీడ్ గవర్నర్ ఉంటుంది, 80 దాటదు. దారి పొడవునా కెమెరాలున్నాయి, డ్రైవర్‌ని తొందర పెడితే జరిమానా అతని నెత్తిన పడుతుంది. ఇంటి నుంచి 5:15కి కదిలితే, దారిలో టిఫిన్‌కి 40 నిమిషాలు కలుపుకుని 9:30కి మైసూరు. ఆరున్నరకి కదిలితే ఊళ్ళోనే ట్రాఫిక్ పట్టుకుంటుంది, 10 గంటల ప్యాలెస్ పోయినట్టే.

టిఫిన్ ఎక్కడన్నది ముందే డ్రైవర్‌కి చెప్పండి. ఎక్స్‌ప్రెస్ హైవే బిడది, రామనగర, చన్నపట్టణ, మద్దూరు, మండ్య, శ్రీరంగపట్నం అన్నిటినీ బైపాస్ చేసి పోతుంది. మెయిన్ రోడ్డు మీద ఉంటే హోటలు లేదు, బాత్‌రూమ్ లేదు, కంచె అవతల సర్వీసు రోడ్డు మీద బోర్డులు కనబడతాయి గాని అక్కడికి చేరలేరు. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. బిడది దగ్గర పాత రోడ్డులోకి దిగి తట్టె ఇడ్లీ తినండి, పళ్ళెం అంత వెడల్పు ఇడ్లీ, పైన వెన్న. అక్కడే అందరూ బాత్‌రూమ్ పని కూడా చూసుకుని మళ్ళీ ఎక్కితే మైసూరు దాకా ఆగక్కర్లేదు. మద్దూరు వడ కావాలంటే కూడా మద్దూరు ఎగ్జిట్ దగ్గర దిగాల్సిందే, మెయిన్ రోడ్డు మీద దొరకదు.

బేరం ఆడేటప్పుడు ఇవి తేల్చుకోండి. కిలోమీటర్లు మీ ఇంటి నుంచి లెక్కా, గ్యారేజీ నుంచి గ్యారేజీకా? షెడ్డు ఎక్కడో యలహంకలో ఉంటే 60, 70 కిలోమీటర్లు ఊరికే కలుస్తాయి. రోజుకి కనీసం ఎన్ని కిలోమీటర్లకి కట్టాలి? చాలా చోట్ల 250 నుంచి 300, మీరు ఎలాగూ దాటుతారు కాబట్టి దాని గురించి బేరం వృథా, పై కిలోమీటరు ధర మీద ఆడండి. డ్రైవర్ బత్తా, రాత్రి బత్తా ఎన్ని గంటల తరవాత? టోల్, నైస్ రోడ్డు టోల్, పార్కింగ్ ఎవరివి? పసుపు బోర్డు బండేనా? సొంత కార్లని తెల్ల బోర్డుతో అద్దెకి ఇస్తామంటే వద్దనండి, దారిలో ఏదైనా అయితే ఇన్సూరెన్సు రాదు.

ఇంకొకటి. తెల్లవారుజామున 5కి వచ్చిన డ్రైవర్ రాత్రి 11:30కి మిమ్మల్ని దింపుతాడు. అది ప్రమాదకరమైన రోజు. మీరు ప్యాలెస్‌లో ఉన్న మూడు గంటలూ అతన్ని పడుకోమని ముందే చెప్పండి, ఆ సమయంలో టీకని, మందులకని పిలవొద్దు. రాత్రి తిరిగి బయల్దేరాక మీలో ఒకరు ముందు సీట్లో మెలకువగా ఉండి మాట్లాడుతూ ఉండండి.

నమ్మ మెట్రో:

రైలు గురించి ఎవరూ చెప్పలేదేం? బండి ఖర్చు దండగ కదా. మైసూరు స్టేషన్ నుంచి ప్యాలెస్ రెండు కిలోమీటర్లే.

రహదారి:

ఇద్దరు ముగ్గురైతే మంచి మాటే. కాని ఏ రైలన్నది చూసుకోవాలి. చెన్నై నుంచి వచ్చే వందే భారత్, శతాబ్ది మన దగ్గరికి వచ్చేసరికే పది దాటుతుంది, మైసూరులో దిగేసరికి మధ్యాహ్నం. పైగా అవే రైళ్ళు కాసేపటికే వెనక్కి తిరుగుతాయి. ఒక్క రోజు ప్రయాణానికి అవి పనికిరావు. తెల్లవారుజాము రైళ్ళు వేరే ఉన్నాయి, కాని వైట్‌ఫీల్డ్ నుంచి నలుగురు పెద్దవాళ్ళని ఆ వేళకి మెజెస్టిక్ దగ్గరి రైల్వే స్టేషన్‌కి చేర్చడం, మైసూరులో మళ్ళీ రెండు ఆటోలు, కొండకి ఇంకో బండి, ఇదంతా కలిపి చూసుకోండి.

ఒంటరిగానో జంటగానో వెళ్ళేవాళ్ళకి మైసూరు రోడ్డు శాటిలైట్ బస్టాండ్ నుంచి కేఎస్‌ఆర్‌టీసీ నాన్‌స్టాప్ బస్సు అన్నిటికంటే తేలిక. మైసూరు బస్టాండ్‌లో దిగితే ప్యాలెస్‌కి నడిచే వెళ్ళొచ్చు.

గోడబొమ్మ:

మావయ్యగారికి చరిత్ర ప్రాణం అన్నారు కాబట్టి ప్యాలెస్ లోపలి సంగతి కాస్త పొడుగ్గా రాస్తాను. రోజు మొత్తంలో ఎక్కువ సమయం దక్కాల్సింది దానికే.

లోపలికి వెళ్ళేది దక్షిణం వైపున్న వరాహ ద్వారం నుంచి. తూర్పున కనబడే పెద్ద ద్వారం జయమార్తాండ, ఫొటోలన్నిట్లో ఉండేది అదే, చాలామంది అక్కడ బండి దిగి మళ్ళీ చుట్టూ తిరిగి నడుస్తారు. డ్రైవర్‌కి 'వరాహ గేట్' అని చెప్పండి. పార్కింగ్ నిండితే దొడ్డకెరె మైదానం వైపు పంపుతారు, అప్పుడు నాన్నగారిని ముందు గేటు దగ్గర దింపేసి బండి పంపేయండి.

గేటు ముందు ఒక పాత మోసం ఉంది. ఆటో అతనో, మరొకరో దగ్గరికి వచ్చి 'ఈరోజు ఏదో పూజ ఉంది, ప్యాలెస్ ఒంటిగంటకి గాని తెరవరు, ఈలోపు మార్కెట్ చూపిస్తా' అంటారు. కౌంటర్ దగ్గరికి వెళ్ళి బోర్డు చూసేదాకా ఎవరి మాటా వినొద్దు.

గైడు: టికెట్ కౌంటర్ దగ్గరే పర్యాటక శాఖ గుర్తింపు కార్డు మెడలో వేసుకున్నవాళ్ళు ఉంటారు. మన వైపు నుంచి జనం బాగా వస్తారు కాబట్టి తెలుగు మాట్లాడేవాళ్ళు ఉంటారు, కాని ఆదివారం పొద్దెక్కేకొద్దీ వాళ్ళు ముందే కుదిరిపోతారు. 9:45కే అక్కడ ఉండమనడానికి అదొక కారణం. మాట్లాడేముందు తలకి ఇంతా, గుంపుకి ఇంతా అన్నది అడగండి, గుంపుకే కుదుర్చుకోండి. 'ఎంతసేపు చెబుతారు' అని అడిగి గంటన్నర అనిపించుకోండి, లేకపోతే 35 నిమిషాల్లో బయట పడేస్తారు. తెలుగు వచ్చంటే రెండు నిమిషాలు మాట్లాడించి చూడండి, అంకెలూ 'ఇక్కడ చూడండి' మాత్రమే తెలుగులో చెప్పేవాళ్ళు ఉంటారు. బయటికి వచ్చాక షాపు చూపిస్తానంటే వద్దని అప్పుడే చెప్పేయండి.

చెప్పులు స్టాండులో విడవాలి. మధ్యాహ్నం బయటి రాళ్ళు కాలతాయి, నాన్నగారికీ మిగతా పెద్దవాళ్ళకీ మందపాటి సాక్సులు వేయండి. చెప్పులన్నీ ఒకే సంచిలో కట్టి ఇస్తే ఒక్క టోకెన్‌తో పోతుంది, తిరిగి తీసుకునేటప్పుడు ఏడుగురూ వరసలో నిలబడక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. లోపల కనిపించే వాటిలో సగానికి కారణం ఒక అగ్నిప్రమాదం. ఇక్కడున్న పాత ప్యాలెస్ చెక్కది. 1897లో రాజకుమారి జయలక్ష్మమ్మణ్ణి పెళ్ళి సందడిలో అది కాలిపోయింది. అప్పటికి మహారాజు నాల్వడి (అంటే నాలుగో) కృష్ణరాజ ఒడెయరు చిన్నవాడు, తల్లి కెంపనంజమ్మణ్ణి రాజప్రతినిధిగా పాలన చూస్తున్నారు. కొత్త ప్యాలెస్ గీసిన హెన్రీ ఇర్విన్ అంతకుముందు సిమ్లాలో వైస్రాయ్ లాడ్జ్ కట్టినాయన. 1912కి పూర్తయింది, ఖర్చు 41,47,913 రూపాయలు. మళ్ళీ నిప్పుకి దొరక్కూడదని ఈసారి గ్రానైటు, ఇనుము, గాజు వాడారు. ఈ మాట మనసులో పెట్టుకుని లోపలికి వెళితే, కల్యాణ మంటపంలో కంబాలు పోత ఇనుముతో ఎందుకున్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదట వచ్చేది గొంబె తొట్టి, అంటే దసరా బొమ్మల కొలువు మంటపం. పాత చెక్క ప్యాలెస్ నమూనా ఒకటి లోపల పెట్టారు, గుంపు తోసుకుపోతుంటే చాలామంది దాన్ని దాటేస్తారు. మావయ్యగారిని అక్కడ ఆపండి. ఆ తరవాత బంగారు అంబారీ, 750 కిలోలు, చెక్క మీద బంగారు రేకు తొడిగింది. విజయదశమి నాడు ఏనుగు మీద చాముండేశ్వరి విగ్రహాన్ని ఊరేగించేది దీంట్లోనే. అంబారీ ముందు భాగంలో ఎరుపు, ఆకుపచ్చ బల్బులు రెండున్నాయి, బ్యాటరీతో వెలిగేవి. మహారాజు లోపల కూర్చుని ఊరేగింపు ఆగాలా, కదలాలా అన్నది వాటితో చెప్పేవారు. పాపకి ఇది చూపించండి, ఒడెయరుల వంశవృక్షం కంటే బాగా గుర్తుంటుంది.

కల్యాణ మంటపం ఎనిమిది పలకల గది. పైకప్పు రంగు గాజులో నెమళ్ళు, ఇనుప కంబాలు గ్లాస్గో నుంచి ఓడలో వచ్చాయి. అందరూ తలెత్తి పైకి చూస్తూ నడుస్తారు. నా మాట విని గోడలు చూడండి. చుట్టూ ఉన్న తైలవర్ణ చిత్రాల్లో దసరా ఊరేగింపు ఒక పలక తరవాత ఒకటిగా సాగుతుంది. గుర్రపు దళం, వాద్యాలు, ఏనుగులు, వీధికి రెండువైపులా జనం. ఆ ముఖాలు ఊహించి గీసినవి కావు, ఆనాటి మనుషులవి. ఎడమ నుంచో కుడి నుంచో కాదు, ఊరేగింపు నడిచే దిక్కులోనే మీరూ నడవండి, అప్పుడే కథ అతుకుతుంది. గైడుని 'ఊరేగింపు మొదలు ఏ పలక' అని అడగండి. చెప్పగలిగితే మంచి గైడే కుదిరాడన్నమాట.

మేడ మీద బహిరంగ దర్బారు హాలు, పొడవు సుమారు 155 అడుగులు, తూర్పు మైదానం వైపు తెరిచి ఉంటుంది. పక్కనే అంబావిలాస్, ఆంతరంగిక దర్బారు. దాంట్లోకి వెళ్ళేటప్పుడు రోజ్‌వుడ్ తలుపుల్లో పొదిగిన దంతపు పని చూడండి, లోపల వెండి తలుపులు, నేలలో రంగురాళ్ళు పొదిగిన పాలరాయి. మెట్లు ఉన్నది ఈ మేడకే. నాన్నగారు ఒక్కసారి నెమ్మదిగా ఎక్కితే చాలు, మళ్ళీ మళ్ళీ ఎక్కే పని లేదు. పూర్తిగా ఎక్కలేకపోతే కింద కల్యాణ మంటపం దగ్గర తోడుగా ఒకరిని ఉంచండి, కాని దారి ఒకవైపే నడుస్తుంది, వెనక్కి రానివ్వరు. అందుకని ఆ సంగతి లోపలికి వెళ్ళకముందే సిబ్బందికి చెప్పి, ఎక్కడ కలుసుకోవాలో కనుక్కోండి.

బంగారు సింహాసనం కోసం వెతక్కండి. దాన్ని దసరాలోనే అమరుస్తారు.

దొడ్డకెరె:

గోడబొమ్మ గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. జగన్మోహన్ ప్యాలెస్ కూడా ఈ కథలో భాగమే. ముమ్మడి (మూడో) కృష్ణరాజ ఒడెయరు 1861లో కట్టించారు. పెద్ద ప్యాలెస్ కాలిపోయాక కొత్తది పూర్తయ్యేదాకా రాజకుటుంబం ఉన్నది అక్కడే, 1902లో నాల్వడి పట్టాభిషేకం జరిగిందీ అక్కడే. ఇప్పుడది చిత్రశాల. రవివర్మ చిత్రాలున్నాయి. దీపం చేత్తో కాస్తూ నిలబడ్డ స్త్రీ చిత్రం కూడా ఉంది, మన ఇళ్ళలో క్యాలెండర్ల మీద చూసిందే. అది రవివర్మది అనుకుంటారు చాలామంది. ఎస్.ఎల్. హల్దంకర్ నీటిరంగుల్లో వేసింది. దాన్ని వెలుతురు లేని గదిలో పెట్టారు, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా రెండు నిమిషాలు నిలబడండి, వేళ్ళ సందుల్లోంచి వచ్చే వెలుగు అప్పుడే కనబడుతుంది. వెళ్ళేముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి చూసుకోండి, మరమ్మతుల వల్ల కొన్ని గదులు మూసే సందర్భాలుంటాయి.

వైట్‌ఫీల్డ్ వాసి:

అందరికీ ధన్యవాదాలండి, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. రెండు సందేహాలు. ఒకటి, అమ్మ ఏమంటున్నారంటే అమ్మవారి దర్శనం పొద్దున్నే అయిపోవాలి, సాయంత్రానికి వాయిదా వద్దు అని. రెండు, మావయ్యగారు శ్రీరంగపట్నం వదలనంటున్నారు. ఆదివారం కాకుండా శనివారం పెట్టుకుంటే కుదురుతుందా?

కావేరి గట్టు:

ఇక్కడ దొడ్డకెరె గారితో నేను కొంచెం విభేదిస్తాను. గుడి ఉదయం 7:30కి తెరుస్తారు, మధ్యాహ్నం 2కి మూసి 3:30కి మళ్ళీ తెరుస్తారు. ఆదివారం నాలుగింటికి కొండ మీదికి వెళితే, మధ్యాహ్నం ఆగిపోయిన వరస, సాయంత్రం వచ్చిన వరస కలిసి ఉంటాయి. ఆ గుంపులో మోకాళ్ళ నొప్పి మనిషి గంటసేపు నిలబడాలి. కొండ పొద్దున్నే అయితే ఎండ లేదు, వరస చిన్నది. ఇంకో ముప్పావు గంట ముందు బయల్దేరగలిగితే 8:15కి కొండ మీద, 9:30కి దిగడం, 10:15కి ప్యాలెస్. టిఫిన్ కొండ దిగాక.

మెట్లు భయపడకండి, వెయ్యి మెట్ల దారి మొక్కున్నవాళ్ళకి. బండి గుడి దగ్గర పార్కింగ్ దాకా వెళుతుంది. నంది దగ్గరికి కూడా రోడ్డుంది, దిగేటప్పుడు చీలిక దగ్గర డ్రైవర్ తిప్పాలి, చెప్పకపోతే నేరుగా కిందికి వచ్చేస్తారు. ఒకే రాయిలో చెక్కిన నంది, ఎత్తు సుమారు 16 అడుగులు, దొడ్డ దేవరాజ ఒడెయరు కాలం నాటిది. మెడలో గంటలూ గొలుసులూ రాతిలో ఒక్కొక్కటిగా చెక్కారు, పక్కనుంచి చుట్టూ తిరిగి చూడండి. ఆషాఢ శుక్రవారాలు మాత్రం కొండ జోలికి వెళ్ళకండి, సొంత బళ్ళని పైకి పంపరు, కింద నుంచి బస్సుల్లో ఎక్కాలి.

శనివారం పెట్టుకుంటే పూర్తి దీపాలు ఉండవు. అలాంటి మామూలు రోజుల్లో సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన ఉంటుంది, దానికి టికెట్ వేరు, ఏ రోజు ఏ భాషన్నది ముందు కనుక్కోవాలి. చివర్లో కొద్ది నిమిషాలు దీపాలు వేస్తారు. పాప కోసం దీపాలే ముఖ్యం అయితే ఆదివారమే ఉంచండి, జగన్మోహన్ బదులు శ్రీరంగపట్నం చేర్చండి. శనివారం అయితే రాత్రి దాకా ఆగకుండా, మధ్యాహ్నం 2:30కి మైసూరు వదిలి, 3 నుంచి 4:45 దాకా శ్రీరంగపట్నంలో దరియా దౌలత్, గుంబజ్ చూసి అటునుంచి అటే బెంగళూరు. 8:30కల్లా ఇల్లు, డ్రైవర్‌కీ మంచిది. దరియా దౌలత్ 5కి మూసేస్తారు, దాన్ని చివర పెట్టుకుంటే గడియారం చూసుకుంటూ ఉండాలి.

మావయ్యగారికి అక్కడ ఏం చూడాలో చెబుతాను. దరియా దౌలత్ అంటే టిప్పు 1784లో కట్టించుకున్న వేసవి ప్యాలెస్, టేకు చెక్కతో. బయట చుట్టూ ఆకుపచ్చ తెరలు వేలాడుతుంటాయి, గోడల మీది రంగులు ఎండకి వెలవకుండా. పడమటి గోడ దగ్గరికి వెళ్ళండి. 1780లో కాంచీపురం దగ్గర పొల్లిలూరులో టిప్పు, అతని తండ్రి హైదరు సైన్యం ఇంగ్లీషు కర్నల్ బెయిలీ దళాన్ని ఓడించిన యుద్ధం ఆ గోడ మీది చిత్రం. మధ్యలో చతురస్రంగా కట్టిన ఎర్రకోట్ల సైనికులు, లోపల పల్లకీలో గాయపడ్డ బెయిలీ, పక్కనే మందుగుండు బండి పేలుతున్నచోట మంట. మూడడుగుల దూరంలో నిలబడి ఒక్కొక్క వరసే చదవాలి. దూరం నుంచి ఫొటో తీసుకుని వచ్చేస్తే ఏమీ తెలియదు. తరవాత గుంబజ్, హైదరు కోసం టిప్పు కట్టించిన సమాధి, 1799 మే 4న కోట పడ్డప్పుడు చనిపోయిన టిప్పుని కూడా అక్కడే పూడ్చారు.

ఎక్స్‌ప్రెస్ హైవే శ్రీరంగపట్నాన్ని పక్కకి వదిలి పోతుంది కాబట్టి మైసూరు నుంచి వచ్చేటప్పుడు పాత రోడ్డునే రమ్మనండి, 15 కిలోమీటర్లే. అవన్నీ చూశాకే హైవే ఎక్కండి. రంగనాథస్వామి గుడి కూడా కావాలంటే మధ్యాహ్నం మూసి 4కి తెరుస్తారని గుర్తుంచుకోండి.

గోడబొమ్మ:

కావేరి గట్టు గారి మాట సబబు. పొద్దున కొండ, తరవాత ప్యాలెస్, ఆదివారానికి ఇదే మేలు. ఒక్కటే షరతు, దర్శనం వరస ఎంత పొడుగున్నా 9:30కి కొండ దిగాలి. ప్యాలెస్‌కి 11:30కి చేరితే కల్యాణ మంటపంలో గోడలు కనబడవు, తలకాయలే కనబడతాయి.

దీపాల సంగతి. 6:40 కల్లా ఆవరణలోకి వెళ్ళండి, దీనికి టికెట్ లేదు. తూర్పు ముఖం ఎదురుగా, జయమార్తాండ ద్వారం వైపు వెనక్కి జరిగి నిలబడితే 145 అడుగుల గోపురం మొత్తం చూపులో పడుతుంది. ముందుకి తోసుకుపోతే మెడ నొప్పే మిగులుతుంది. దాదాపు లక్ష బల్బులు, ఒకదాని తరవాత ఒకటి కాదు, 7కి అన్నీ ఒకేసారి. పాప ఆ క్షణంలో ఐస్‌క్రీమ్ బండి వైపు చూస్తూ ఉండకుండా చూసుకోండి. ఫోన్‌లో తీసేవాళ్ళు ఆకాశం పూర్తిగా నల్లబడక ముందే, మొదటి పది నిమిషాల్లో తీసుకోండి, తరవాత బల్బులు తెల్లటి మరకలుగా వస్తాయి.

రహదారి:

7:45 దాకా ఉండి అందరితోపాటు బయటికి వస్తే పార్కింగ్‌లోంచి కదలడానికే అరగంట. 7:25కి బయల్దేరండి, 20 నిమిషాలు తక్కువ చూసినా దాదాపు గంట ముందు ఇల్లు చేరతారు. బండిని సాయంత్రం దొడ్డకెరె మైదానంలో రోడ్డు వైపు ముఖం పెట్టి నిలపమనండి.

మైసూర్‌పాక్ కొనాలంటే రాత్రికి వాయిదా వేయకండి. సయ్యాజీరావు రోడ్డులో గురు స్వీట్ మార్ట్ ప్యాలెస్‌కి దగ్గరే, భోజనం అయ్యాక మధ్యాహ్నమే ఒకరు వెళ్ళి తెచ్చేయండి. నెయ్యి సరుకు కాబట్టి ఎండలో ఆగిన బండిలో పెట్టొద్దు, చేతి సంచిలో ఉంచుకోండి.

వైట్‌ఫీల్డ్ వాసి:

ఆదివారమే ఖాయం చేశామండి. 4:30కి బయల్దేరి కొండ, నంది, ప్యాలెస్, భోజనం, మావయ్య కోసం దరియా దౌలత్, 6:30కి మళ్ళీ ప్యాలెస్. జగన్మోహన్ ఈసారికి వదిలేస్తున్నాం. భోజనం అయ్యాక శ్రీరంగపట్నం వెళ్ళి తిరిగి మైసూరు రావడం వల్ల సమయం సరిపోతుందా?

కావేరి గట్టు:

సరిపోతుంది. 2కి మైసూరులో కదిలితే 2:35కి దరియా దౌలత్, 4 దాకా అక్కడ, గుంబజ్‌కి అరగంట, 5:30కి తిరిగి మైసూరు. ఒక గంట చేతిలో ఉంటుంది, అది నాన్నగారు కాళ్ళు చాపుకుని కాఫీ తాగడానికి వాడండి, ఇంకో చోటు ఇరికించకండి. డ్రైవర్‌కి మాత్రం పొద్దున ప్యాలెస్ దగ్గర నిద్ర తప్పనిసరి, మధ్యాహ్నం అతనికి విశ్రాంతి ఉండదు.